‘తగు చర్యలు’ అంటే ఏ చర్యలు?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. సామాజిక న్యాయం, ఆర్థిక న్యాయం గురించి మీ పత్రికలో తరచూ వస్తున్న వ్యాసాలనూ, వాటిపై పాఠకులు రాస్తున్న ఉత్తరాలనూ శ్రద్ధగా చదువుతున్నాను. అన్యాయం ఎక్కడ ఎంత ఉన్నదో చెప్పే రాతలకు కొదవ లేదు. ఆ అన్యాయానికి గురైన మనిషి దాన్ని సరిదిద్దించుకోవడానికి ఎవరిని, ఏమని, ఏ విధంగా అడగాలో చెప్పే రాత మాత్రం అరుదు. ఈ ఉత్తరం ఆ అడగడం గురించే.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇతరులకు వినతిపత్రాలు రాసిపెడుతున్నాను. అది నా వృత్తి కాదు. నాలుగు ముక్కలు రాయగలడన్న పేరు పడటం వల్ల నెత్తిన పడిన పని. కూలి బకాయిలు రానివారు, పింఛను ఆగిపోయినవారు, కాగితం మీద ఉన్న ఇంటి స్థలం నేల మీద కనిపించనివారు వచ్చి చెప్పుకొంటే, వారి మాటలను గ్రాంథికం పాలు కలిపి అందంగా రాసి ఇచ్చేవాణ్ని. ఆ కాగితాల నకళ్లు దాచి ఉంచాను కనుక ఈమధ్య ఒకరోజు తీరిగ్గా తిరగేశాను. దాదాపు అన్నీ ఒకే వాక్యంతో ముగిశాయి: ‘కావున తమరు దయతో విచారించి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన.’ ఏ చర్యలు? ఎవరు తీసుకోవాలి? ఎప్పటిలోగా? ఏ నిబంధన ప్రకారం? ఒక్కదానికీ నా కాగితంలో జవాబు లేదు. వాటిలో కొన్నింటికి వచ్చిన ప్రత్యుత్తరాలు కూడా నా దగ్గర ఉన్నాయి. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని ఒకటి, ‘తగు చర్యలు తీసుకోబడుచున్నవి’ అని మరొకటి. మేము ఏది అడిగామో అక్షరాలా అదే దొరికింది. ఇక ఆ కార్యాలయాన్ని తప్పు పట్టడానికి నోరెక్కడిది? వినతులను బుట్టదాఖలు చేశారని అధికారులను చాలాకాలం తిట్టుకున్నాను. బుట్టలో పడటానికి వీలుగా వాటిని రాసింది నేనేనన్న సంగతి ఆలస్యంగా అర్థమైంది.

బాధ చెప్పుకోవడం వేరు, అడగడం వేరు. బాధ చెప్పుకుంటే వినేవాడికి జాలి కలగవచ్చు, కలగకపోవచ్చు. కలిగినా అతను చేయగలిగింది ఏమిటో తెలియకపోతే ఆ జాలి అక్కడే ఆగిపోతుంది. అడగడం అంటే, ఎదుటివాడు అవుననో కాదనో చెప్పక తప్పని విధంగా మాటను నిలబెట్టడం. ఈ విద్యను ఇంగ్లీషులో అడ్వకసీ అంటారు, మన స్వచ్ఛంద సంస్థల శిక్షణ తరగతుల్లోనూ ఆ మాటనే వాడుతున్నారు. తెలుగు వాడుకలో దానికి దగ్గరగా ఉన్నది వకాల్తా. అయితే ‘వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటున్నావు’ అన్నప్పుడు ఆ మాటలో మెచ్చుకోలు కంటే మందలింపే ఎక్కువ వినిపిస్తుంది. ఇంకొకరి కోసం మాట్లాడేవాడిని మన భాష కొంచెం అనుమానంగానే చూస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదేనని నా అభిప్రాయం. దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ విద్య లోకంలో లేక కాదు, ఉండవలసిన చోట లేదు. బలమున్న వర్గాలు దీన్ని డబ్బిచ్చి కొనుక్కుంటాయి. ఒక పెద్ద పరిశ్రమ ప్రతినిధి ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లినప్పుడు తమకు అన్యాయం జరిగిందని కన్నీళ్లు పెట్టుకోడు. ఫలానా నిబంధనలో ఫలానా మాట తరువాత ఈ నాలుగు మాటలు చేర్చండి అని టైపు చేయించిన కాగితం అధికారి చేతిలో పెడతాడు. దానివల్ల ఖజానాకు ఎంత తగ్గుతుందో, ఎన్ని ఉద్యోగాలు వస్తాయని తాము చెప్పదలచుకున్నారో ఆ లెక్కలూ జత చేస్తాడు. అదే అధికారి గది బయట వరండాలో నిలబడిన కూలి దగ్గర నిజం ఉంటుంది, ఆక్రోశం ఉంటుంది, కాని కాగితం ఉండదు. ఉంటే నాలాంటి వాడు రాసిన ‘తగు చర్యలు’ ఉంటాయి. ఆర్థిక అసమానత అంటే ఆదాయాల్లో తేడా మాత్రమే అనుకుంటాం. అడిగే నేర్పులో ఉన్న తేడా కూడా అందులో భాగమే, మిగతా తేడాలను ఏళ్ల తరబడి నిలబెట్టేదీ అదే.

సరిగ్గా అడగడం ఎలా ఉంటుందో చూపడానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ 1977లో అమెరికాలో వికలాంగులు చేసిన ఆందోళన. ప్రభుత్వ ధనం పొందే ఏ సంస్థా వైకల్యం కారణంగా మనిషిని దూరం పెట్టరాదని అక్కడ 1973లోనే పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ చెప్పింది. కాని చట్టం అమలు కావాలంటే నియమావళి కావాలి, ఆ నియమావళి మీద సంబంధిత శాఖ మంత్రి సంతకం కావాలి. నాలుగేళ్లు గడిచినా ఆ సంతకం పడలేదు. పైగా నియమాలను పలుచన చేసే ప్రయత్నం జరుగుతోందన్న అనుమానం బలపడింది. ఏప్రిల్ 5న వికలాంగులు పలు నగరాల్లో ఆ శాఖ కార్యాలయాల ముందుకు చేరారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. చక్రాల కుర్చీల్లో ఉన్నవారు, మరొకరి సాయం లేకుండా పక్క మీద ఒత్తిగిలడం కూడా సాధ్యం కానివారు మూడు వారాలకు పైగా ఆ గచ్చు మీదే పడుకున్నారు. టెలిఫోను లైన్లు తెగిపోతే, చెవిటివారు కిటికీల దగ్గర నిలబడి సంజ్ఞల భాషలో బయటివారికి కబుర్లు చేరవేశారు. నల్లజాతివారి సంస్థ అయిన బ్లాక్ పాంథర్ పార్టీ వారు రోజూ లోపలికి భోజనం పంపారు.

ఇంత కష్టపడి వారు అడిగింది ఏమిటి? వికలాంగులను గౌరవించండి అని కాదు, మా సమస్యలు పరిష్కరించండి అని కాదు. ఈ నియమావళిలో ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టండి అని మాత్రమే అడిగారు. ఎవరు పెట్టాలో అందరికీ తెలుసు, పెట్టారో లేదో చూడటానికి కమిటీ అక్కరలేదు. ఏప్రిల్ 28న మంత్రి జోసెఫ్ కలిఫానో సంతకం చేశారు. ఆ ఆందోళనలో ముందు నిలిచిన జూడీ హ్యూమన్ వంటివారి ధైర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే; నాబోటి వినతిపత్రాల రాతగాడికి మాత్రం ఆ ధైర్యంతో పాటు ఆ కోరికను అంత బిగువుగా చెక్కిన తీరు పదే పదే గుర్తుకు వస్తుంది.

రెండవ ఉదాహరణ మన దేశానిదే, అందరికీ తెలిసిందే, కాని అందులోని కాగితాల భాగాన్ని మనం తొందరగా దాటేస్తాం. 1927 మార్చి 20న మహాడ్‌లోని చవదార్ చెరువుకు డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది దళితులు నడిచి వెళ్లి నీళ్లు తాగారు. దాన్ని ఒక తిరుగుబాటుగా చెప్పుకుంటాం, అది నిజమే. అయితే అంతకు నాలుగేళ్ల ముందే, 1923లో, ప్రభుత్వ ధనంతో నడిచే నీటి వనరులూ సత్రాలూ అంటరానివారికి కూడా అందుబాటులో ఉండాలని ఎస్.కె. బోలే ప్రవేశపెట్టిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. ఆ మరుసటి ఏడాది మహాడ్ పురపాలక సంఘం కూడా చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. అంటే, ఆ రోజు చెరువుకు నడిచినవారు కొత్త హక్కును దయచేయమని ఎవరినీ అడగలేదు. అప్పటికే రాసి ఉన్నదాన్ని అమలులోకి తెచ్చారు. వారి మీద దాడి జరిగింది, పురపాలక సంఘం తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, ఆ చెరువు తమ సొంత ఆస్తి అంటూ కొందరు కోర్టుకు వెళ్లి డిసెంబరులో మళ్లీ నీళ్లు ముట్టకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. అంబేడ్కర్ ఆ ఉత్తర్వును ధిక్కరించలేదు, కేసును వదిలిపెట్టనూ లేదు. అనాదిగా వస్తున్న ఆచారమన్న వాదన రుజువు కాలేదంటూ 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పదేళ్లు పట్టింది. తీర్మానం ఉన్నదని తెలియని మనిషి ఆ పదేళ్ల పోరాటాన్ని మొదలుపెట్టే వీలే లేదు. తెలిసి కూడా చెరువుకు నడవనివాడికి ఆ తీర్మానం ఉట్టి కాగితమే.

అందుకే ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా వచ్చినప్పుడు, మీకేం కావాలి అని అడగడానికి ముందు, మీకు రావలసింది ఏ కాగితంలో ఉంది అని అడుగుతున్నాను. చాలా సందర్భాల్లో ఉంటుంది. ఏదో ఒక ఉత్తర్వు, ఏదో ఒక నియమం, ఎవరో ఎప్పుడో సంతకం చేసి మరిచిపోయిన హామీ ఉంటుంది. ‘మాకు ఇప్పించండి’ అనడానికీ, ‘ఫలానా తేదీ నాటి మీ ఉత్తర్వు ప్రకారం మాకు ఇవ్వవలసినది ఇంకా ఇవ్వలేదు’ అనడానికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. మొదటి మాట అన్నప్పుడు మనం చేయి చాచి నిలబడతాం. రెండవది అన్నప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసిన వంతు ఎదుటివారికి వస్తుంది.

ఇక ఎవరిని అడగాలన్నది. కోపం దగ్గరగా కనిపించినవాడి మీదికి వెళుతుంది. నిర్ణయం మాత్రం తరచుగా దూరంగా ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని తలచుకోండి. అక్షరాస్యత తరగతుల వాచకంలో సారా మీద ఒక పాఠం చదివిన ఆడవాళ్లు మొదట తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఒక ఊళ్లో మూస్తే పక్క ఊరి నుంచి వస్తుంది. దుకాణం ఎక్కడి నుంచి పుట్టుకొస్తున్నదో వెతుక్కుంటూ వెళితే అది జిల్లా కేంద్రంలో జరిగే వేలంపాటలో తేలింది. వాళ్లు అక్కడికి వెళ్లి ఆ వేలంపాటలనే అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ, ఆమె వంటి వందలాది మంది స్త్రీలు ఏ శిక్షణ సంస్థలోనూ చదవకుండా పట్టుకున్న కీలకం అది. అమ్మేవాడితో గొడవ ఎంతకాలమైనా సాగుతుంది, అమ్ముకునే హక్కును పాట పెడుతున్న చోట గొడవ అయితే ప్రభుత్వ ఆదాయానికే గండి పడుతుంది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధం పోయింది కూడా. గెలిచిన తరువాత కాపలా కాయడం మరో విద్య. దానికి ఉపన్యాసాలు ఇచ్చేవారు దొరుకుతారు కాని, ప్రతి నెలా ఫైలు కదిలిందో లేదో చూసి వచ్చే ఓపిక ఉన్నవారు దొరకడం కష్టం.

అమెరికాలోని మోంట్‌గొమరీ నగరంలో నల్లవారు చేసిన బస్సుల బహిష్కరణను మనం ఇంకా వింతగా చెప్పుకుంటాం. రోజంతా పనిచేసి అలసిపోయిన ఒక నల్లజాతి కుట్టుపని మనిషి 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వడానికి లేవనన్నది, దాంతో చరిత్ర మారిపోయింది అన్నట్లుగా చెబుతాం. ఆ మనిషి, రోజా పార్క్స్, అప్పటికే ఏళ్ల తరబడి పౌర హక్కుల సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన మనిషి. అదే ఏడాది వేసవిలో హైలాండర్ ఫోక్ స్కూల్ అనే శిక్షణ కేంద్రంలో తరగతులకు వెళ్లి వచ్చారు. ఇంకా వెనక్కి వెళితే, 1954 మే నెలలోనే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు మహిళా రాజకీయ మండలి తరఫున నగర మేయరుకు ఒక ఉత్తరం రాశారు. నల్లవారు వెనక నుంచి ముందుకు, తెల్లవారు ముందు నుంచి వెనక్కు, సీట్లు నిండేదాకా కూర్చునేటట్లు చేయాలని, ముందు ద్వారం దగ్గర డబ్బు చెల్లించి వెనక ద్వారం గుండా ఎక్కే పద్ధతి పోవాలని, తెల్లవారి పేటల్లో ఆగినట్లే తమ పేటల్లోనూ ప్రతి మలుపులో బస్సు ఆగాలని అందులో అడిగారు. బస్సు ఎక్కేవారిలో నాలుగింట మూడు వంతులు నల్లవారేనని, వారు ఎక్కకపోతే బస్సులు నడవవని మర్యాదగా గుర్తు చేశారు. ఎంత పొదుపైన ఉత్తరం! కోరిక ఉంది, తీర్చవలసినవాడి పేరు ఉంది, తీర్చకపోతే ఏమవుతుందో కూడా ఉంది. పార్క్స్ అరెస్టు వార్త తెలిసిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ తన కళాశాల యంత్రం మీద, బస్సులు ఎక్కవద్దని చెప్పే వేల కరపత్రాలు అచ్చు తీయగలిగారంటే, ఆ పని ఎలా చేయాలో ముందే ఆలోచించి ఉంచుకున్నందువల్లే.

ఇక్కడ నాకు ఎదురయ్యే ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఇంత చిన్న కోరికలు అడుగుతూ పోతే పెద్ద అన్యాయం అలాగే మిగిలిపోదా అని యువకులు అడుగుతారు. ప్రశ్న సరైనదే. మోంట్‌గొమరీలో మొదట అడిగినది బస్సుల్లో వివక్ష రద్దు కూడా కాదు, వివక్షలోనే కాస్త మర్యాద. దాన్ని కూడా ఒప్పుకోకపోవడం చూసిన తరువాత వాళ్ల కోరిక పెరిగింది, కేసు వేశారు, 381 రోజుల పాటు నడిచి పనులకు వెళ్లారు, చివరికి ఆ వేర్పాటు చట్టమే రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పు వచ్చింది. చిన్న కోరికను కాదన్నప్పుడు ఎదుటివారి అసలు ఉద్దేశం నలుగురి ముందు బయటపడుతుంది. పెద్ద కోరికను కాదనడం సులువు, అది అసాధ్యమని చెప్పి తప్పించుకోవచ్చు. అయితే, చిన్న కోరిక తీరగానే ఇంటికి వెళ్లిపోయేవారికి ఈ మాట వర్తించదు. అలాంటివాళ్లనూ చాలామందిని చూశాను.

ఆధారాల గురించి ఒక ముచ్చట. 1990లో రాజస్థాన్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన్ సున్‌వాయి, అంటే ప్రజా విచారణ జరిపింది. కరువు పనుల్లో కూలి సరిగా ఇవ్వడం లేదన్న ఆరోపణ అప్పటికి చాలా పాతది. వాళ్లు చేసిన కొత్త పని చాలా మామూలుది: మస్టర్ రోళ్ల, అంటే కూలీల హాజరు పట్టీల, నకళ్లు సంపాదించి ఊరి మధ్య గట్టిగా చదివారు. ఫలానా అతను ఇన్ని రోజులు పని చేసినట్లు, ఇంత తీసుకున్నట్లు రాసి ఉంది, నిజమేనా? ఆ పని చేయనే లేదని ఒకరు, ఆ పేరు గల మనిషి చనిపోయి చాలాకాలమైందని మరొకరు లేచి చెప్పడంతో, అంతవరకు ఆరోపణగా ఉన్నది అక్కడికక్కడే సాక్ష్యంగా మారింది. చదువు రానివారికి లెక్కలు అర్థం కావన్న మాట ఎంత అబద్ధమో ఆ సభలు తేల్చాయి. తన పేరు మీద రాసిన లెక్కను తనకంటే బాగా తనిఖీ చేయగల ఆడిటర్ ఎవరుంటారు? ‘మా డబ్బు, మా లెక్క’ అన్న వారి నినాదం నుంచి, 1996లో బ్యావర్‌లో 40 రోజులు సాగిన ధర్నా నుంచి, ఇంకా ఎందరో చేసిన కృషి నుంచి 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలన్న గడువు అందులో ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. గడువు లేని హక్కు కూడా ఒక రకం ‘తగు చర్య’ లాంటిదే.

ఆధారం అంటే ఎప్పుడూ అంకెలే కానక్కరలేదు. బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా బ్రిటన్‌లో 1787లో ఏర్పడిన సంఘం వారు బ్రూక్స్ అనే ఓడ కడుపులో మనుషులను ఎలా పేర్చి తీసుకువెళతారో చూపే పటాన్ని ప్రచారం చేశారు. ప్రభుత్వం కొలిపించిన కొలతలే ఆధారంగా గీసిన పటం కనుక అతిశయోక్తి అని కొట్టిపారేయడానికి వీలు లేకపోయింది. అయితే ఆ సంఘం కథలో మనం గుర్తుంచుకోవలసిన చేదు ముగింపు కూడా ఉంది. 1807లో వ్యాపారం, 1833లో బానిసత్వం రద్దయ్యాయి. ఆ 1833 చట్టం రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు కాదు, బానిసల యజమానులకు. విముక్తులైనవారు మాత్రం ఇంకొన్నేళ్లు అదే యజమానుల దగ్గర ‘అప్రెంటిసు’ పేరుతో జీతం లేని చాకిరీ చేయవలసి వచ్చింది. ఆ చట్టం రాసిన గదిలో యజమానుల మనుషులు ఉన్నారు, బానిసల మేలు కోరిన పెద్దమనుషులూ ఉన్నారు, బానిసలు లేరు.

వకాల్తా అన్న మాట మీద మనకున్న అనుమానం న్యాయమైనదే అన్నది ఇందుకే. మధ్యవర్తి ఎంత మంచివాడైనా, బేరం చివరికి వచ్చేసరికి దేన్ని వదులుకోవచ్చో దేన్ని వదులుకోకూడదో నిర్ణయించేటప్పుడు అతనికి కష్టం తగలదు. నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కిందట కొందరు ఇంటిపనివారి తరఫున నేను రాసిన కాగితంలో జీతం పెంపునే ముందు పెట్టాను. తరువాత వాళ్లలో ఒకామె నాతో, ‘బాబూ, మాకు అన్నిటికంటే ముందు కావలసింది వారానికి ఒక రోజు సెలవు, మమ్మల్ని అడిగితే అదే చెప్పేవాళ్లం’ అన్నది. నేను అడగలేదు. వాళ్ల జీవితం నాకు తెలుసనుకున్నాను. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం ఆమోదించిన 189వ ఒప్పందంలో వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలన్న నిబంధన చదివినప్పుడు సిగ్గుపడ్డాను. ఆ ఒప్పందం చర్చలకు ఇంటిపనివారి సంఘాల ప్రతినిధులు స్వయంగా జెనీవా వెళ్లారు. అలాగే 1972లో అహ్మదాబాదులో ‘సేవా’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘాన్ని రిజిస్టరు చేయడానికి ఇలా భట్ ప్రయత్నించినప్పుడు, యజమానే లేని ఆడవాళ్లకు కార్మిక సంఘం ఏమిటన్న అడ్డు వచ్చింది. సంఘం అన్నది ఎవరో ఒకరి మీద పోరాడటానికే కాదు, పనిచేసేవారు ఒకటి కావడానికి కూడా అని వారు వాదించి నెగ్గారు. తలమీద మూట మోసేవారి, వీధిలో కూరగాయలు అమ్మేవారి అనుభవం వెనక లేకపోతే ఆ వాదన ఎవరికీ తట్టేది కాదు.

కాబట్టి ఈ విద్య కష్టంలో ఉన్నవారి చేతికే చేరాలి. చేరుతుందా అంటే, చేరిన ఉదాహరణ ఉంది. అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఓటరుగా నమోదు కావాలంటే ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపాలన్న షరతు ఉండేది. నల్లవారిని ఓటుకు దూరంగా ఉంచడానికి పెట్టిన షరతు అది. 1957 జనవరిలో జాన్స్ ద్వీపంలో, ఒక సహకార దుకాణం వెనక గదిలో, పెద్దవాళ్ల కోసం పౌరసత్వ పాఠశాల మొదలైంది. సెప్టిమా క్లార్క్ దాని రూపకర్త; పాఠం చెప్పింది బెర్నీస్ రాబిన్సన్ అనే సౌందర్య నిపుణురాలు. టీచరుగా అనుభవం లేని మనిషిని కావాలనే ఎంచుకున్నారు. ఆమె ఖాతాదారులందరూ నల్లవారే కనుక, కోపం వచ్చిన తెల్ల యజమాని ఎవరూ ఆమె ఉద్యోగం ఊడగొట్టలేరు. మొదటి రోజే ఆమె వచ్చినవారిని మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగి, ఆ జవాబులనే పాఠాలుగా చేసుకున్నారు. సంతకం పెట్టడం, మనీఆర్డరు ఫారం నింపడం, దూరాన ఉన్న పిల్లల ఉత్తరాలు చదువుకోవడం, ఆపైన రాజ్యాంగంలోని ఆ భాగం. తరువాతి ఏళ్లలో ఆ తరహా పాఠశాలలు దక్షిణాది రాష్ట్రాలంతటా వ్యాపించాయి.

మన శిక్షణ తరగతులు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. వక్త వేదిక మీద ఉంటాడు, కష్టాలు పడేవారు కింద ఉంటారు, రెండు రోజులు హక్కుల జాబితా వింటారు, సర్టిఫికెట్టు తీసుకుని వెళతారు. అభ్యాసం చేయించేవారు తక్కువ. ఒకరు అధికారిగా కూర్చుని విసుక్కుంటుంటే, మరొకరు తమ కోరికను మూడు నిమిషాల్లో చెప్పడం పదిసార్లు సాధన చేస్తే వచ్చే ధైర్యం ఏ ఉపన్యాసంతోనూ రాదు. ‘నిధులు లేవు’ అన్న మాట వినగానే తల వంచుకుని వెనక్కి తిరగకుండా, ఏ పద్దులో లేవు, కిందటేడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని అడగడం నేర్పాలంటే, బడ్జెట్ పుస్తకంలో ఒక్క పేజీ అయినా కలిసి చదవాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవడం, మాట్లాడిన అధికారి హోదా, అతను చెప్పిన మాట అదే రోజు రాసి పెట్టుకోవడం వంటివి చెప్పుకోవడానికి చప్పగా ఉంటాయి. నేను చూసినంతలో గెలిచినవి చాలావరకు ఈ చప్పటి పనుల వల్లే గెలిచాయి.

నేర్పు ఒక్కటే చాలునని నేననడం లేదు. అడిగినవారి మీద పగబట్టే రోజులివి. పేరు బయటపడితే పని పోతుంది, కొన్ని చోట్ల ప్రాణమే పోతుంది. ఒంటరిగా అడగవద్దని, ఒక్క పేరుతో కాగితం ఇవ్వవద్దని, ఎవరికి ఎక్కువ ముప్పు ఉన్నదో వారిని ముందు నిలబెట్టవద్దని చెప్పడం కూడా ఈ విద్యలో మొదటి పాఠమే. బెర్నీస్ రాబిన్సన్‌ను ఎంచుకున్నవారికి ఆ సంగతి తెలుసు.

సంపాదకుల వారూ, ఇంత చెప్పిన తరువాత ఈ ఉత్తరాన్ని ‘తగు చర్యలు’ తీసుకోండి అని ముగిస్తే నన్ను నేనే వెక్కిరించుకున్నట్లవుతుంది. కనుక మీ చేతిలో ఉన్న పనినే అడుగుతున్నాను. కలెక్టరుకో, మంత్రికో, మరొకరికో వినతిపత్రం అందజేస్తున్న బృందాల ఫొటోలను మీ పత్రిక తరచూ వేస్తుంది. వాటి కింద నాయకుల పేర్ల వరుసే ఉంటుంది. వచ్చే నెల మొదటి తేదీ నుంచి అటువంటి ప్రతి ఫొటో కింద, వారు అడిగినది ఏమిటో, దాన్ని తీర్చే అధికారం ఎవరికి ఉన్నదో, ఏ ఉత్తర్వు లేదా చట్టం ఆధారంగా అడిగారో, ఎప్పటిలోగా కావాలన్నారో అచ్చు వేయండి. వినతిపత్రంలో ఆ వివరం లేకపోతే లేదనే రాయండి. మరుసటిసారి వారే రాసుకుని వస్తారు. అరవై రోజుల తరువాత మీ విలేకరి ఆ కార్యాలయానికి వెళ్లి, ఆ కాగితం ఏమైందో ఒక్క వాక్యం తెచ్చి అదే పేజీలో ప్రచురించాలి. ఇది కుదరని పని అయితే ఎందుకు కుదరదో ఈ శీర్షికలోనే రెండు వాక్యాల్లో తెలియజేయండి.

భవదీయుడు,
వినతిపత్రాలు రాసిపెట్టే ఒక పాఠకుడు